మిద్దె కింద గాలి

వేడి పైకి పోతుందని బడిలో అందరం చదువుకున్నవాళ్ళమే. కర్నూలు, కడప జిల్లాల్లో మే నెల సాయంత్రం ఏ ఇంట్లోనైనా కాసేపు కూర్చుంటే మాత్రం ఇంకో మాట వినిపిస్తుంది: "మిద్దె ఉడుకు దిగుతాంది." పుస్తకం పైకి అంటుంది, మనుషులు కిందికి అంటారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడా పట్టుకుని పోతే, రాయలసీమ ఇళ్ళ చరిత్ర కొంత, నాలుగు గోడల మధ్య ఇరుక్కున్న గాలి గురించి యూరప్‌లో రెండు వందల యేళ్ళు జరిగిన ఆలోచన కొంత, ఒకదానికొకటి ఎదురుపడతాయి. నాకు ఈ రెండోది ఇంజనీరింగులో ఒక పేపరుగా తగిలింది, పరీక్ష రాసి మరిచిపోయాను. మొదటిదాని వల్లే రెండోదానికి మళ్ళీ వచ్చాను.

ముందు ఇల్లు. కోస్తాలో పెంకుటిల్లు, తాటాకిల్లు. రెండూ వాలు కప్పులే, వాన అలాంటిది మరి. సీమలో వాన తక్కువ, కాబట్టి కప్పు వాలుగా ఉండాల్సిన అగత్యం లేదు, చదునుగా వేసుకోవచ్చు. రాయి, మట్టి కలిపి కట్టిన మందపాటి గోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద చెక్కలో కట్టెలో దగ్గర దగ్గరగా పరిచి, పైన ఆకూ కంపా, ఆపైన మట్టి, అన్నిటికన్నా పైన చౌడు. చౌడుకి నీళ్ళని లోపలికి పోనివ్వని గుణం ఉంది. పంట పండనివ్వని అదే నేల ఇంటి నెత్తి మీదకి ఎక్కి పనికొస్తుంది. వానాకాలం ముందు కొత్త చౌడు తోలించి పరవడం ప్రతి ఇంటికీ ఉండే పని. ఇది మట్టి మిద్దె. కలిగినవాళ్ళు దంతెల మీద నాపరాళ్ళు పరిచి బండమిద్దె వేసుకున్నారు. ఈ రాళ్ళకి కొదవలేని నేల అది. 1872లో విలియం కింగ్ ఈ ప్రాంతపు శిలల మీద భూగర్భ సర్వే తరఫున రాసిన పెద్ద గ్రంథం పేరులోనే కడప, కర్నూలు రెండూ ఉన్నాయి. ఆ రెండు పేర్లూ ఇప్పటికీ భూగర్భశాస్త్రంలో శిలాసముదాయాల పేర్లు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల నాపరాయి పొరలు పొరలుగా విడివడి వస్తుంది, పలక కోసి పెట్టినట్టు.

మిద్దె లేనివాళ్ళది బోదకొట్టం. రెండు వైపులా వాలిన గడ్డికప్పు, లోపల నిలబడి చూస్తే త్రికోణం. అంటే ఒకే ఊళ్ళో, ఒకే ఎండ కింద, రెండు ఆకారాల్లో గాలిని మూసిపెట్టుకుని జనం బతికారు: పెట్టెలాంటిదొకటి, గుడారంలాంటిదొకటి. పెట్టె ఉన్నవాడికి పరువు, గుడారం ఉన్నవాడికి లేదు. ఎండాకాలం మధ్యాహ్నం ఎవరు ఎక్కువ సుఖపడ్డారనేది వేరే లెక్క.

ఇప్పుడు గాలి సంగతి. ద్రవాల్లో, వాయువుల్లో వేడి ఎలా ప్రయాణిస్తుందన్న ప్రశ్నని గట్టిగా పట్టుకున్న తొలివాళ్ళలో కౌంట్ రమ్‌ఫర్డ్ అనే పేరుతో ప్రసిద్ధుడైన బెంజమిన్ థాంప్సన్ ఒకడు. పుట్టింది అమెరికాలో, పెద్ద ఉద్యోగం బవేరియాలో, పేరు మోసింది లండన్‌లో. అతనికి ఈ ప్రశ్న తిండి దగ్గర మొదలైంది. ఆపిల్ పళ్ళు పెట్టి చేసిన వంటకమూ, చిక్కటి బియ్యపు జావా పైన చల్లారినట్టు కనబడి లోపల నోరు కాల్చడం అతన్ని ఆలోచనలో పడేసింది. రాగిసంగటి తినేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. చారు గిన్నె ఎంతసేపట్లో చల్లారుతుంది, సంగటి ముద్ద మధ్యలో వేలు పెడితే ఎంతసేపటికీ ఎలా కాలుతుంది? చారులో నీళ్ళు తిరుగుతాయి, వేడిని మోసుకుని పైకి వచ్చి వదిలేసి కిందికి పోతాయి. సంగటిలో ఏదీ తిరగదు. రమ్‌ఫర్డ్ ఒకసారి కిటికీలో పెట్టిన పెద్ద థర్మామీటరు గొట్టంలో, సారాయిలో చిక్కుకున్న దుమ్ము రేణువులు ఎండలో మెరుస్తూ మధ్యలో పైకి, అంచుల్లో కిందికి పోవడం చూశాడు. 1797లో ఇదంతా రాశాడు. ఆ ఉత్సాహంలో ద్రవాలకి అసలు వేడిని వహించే శక్తే లేదని కూడా రాసేశాడు, అది తప్పు. దానికి పేరు పెట్టినవాడు విలియం ప్రౌట్ అనే వైద్యుడు, 1834లో. మోసుకుపోవడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి తీసుకున్నాడు. మన పాఠ్యపుస్తకాల్లో అది సంవహనం అయింది. మాట బాగానే కుదిరింది, వహించడం అందులోనూ ఉంది.

తర్వాత వంద యేళ్ళకి గానీ అసలు ప్రశ్న ఎవరూ సరిగ్గా అడగలేదు. కింద వేడి, పైన చల్లన ఉంటే గాలి తిరుగుతుంది, సరే. ఎప్పుడు తిరగడం మొదలుపెడుతుంది? కొంచెం వేడికే మొదలవుతుందా? పారిస్‌లో ఆన్రీ బెనార్ 1900 ప్రాంతంలో తన పరిశోధన కోసం, తిమింగిలం నుంచి తీసే మైనాన్ని కరిగించి ఒక మిల్లీమీటరు లెక్కలో పల్చటి పొరగా పోసి కింద నుంచి వేడిచేశాడు. తేనెపట్టు గదుల్లాగా ఆరు పలకల అరలు ఏర్పడ్డాయి. 1916లో, డెబ్భై దాటిన వయసులో, లార్డ్ రేలీ దానికి గణితం రాశాడు. పొర ఎత్తు, పైకీ కిందికీ ఉష్ణోగ్రత తేడా, ద్రవపు జిగట, వేడి దానంతటదే వ్యాపించే వేగం – వీటన్నిటినీ కలిపితే ఒకే సంఖ్య వస్తుంది, ఆ సంఖ్య ఒక హద్దు దాటేదాకా ఏదీ కదలదు అన్నాడు. పైనా కిందా గట్టి పలకలుంటే ఆ హద్దు 1708 అని తరువాతివాళ్ళు తేల్చారు. తమాషా ఏమిటంటే బెనార్ చూసిన అరలకి అసలు కారణం ఇది కాదు, ద్రవం పైతలం మీది తన్యత అని 1950లలో తెలిసింది. ఒకడు చూసింది ఒకటి, ఇంకొకడు వివరించింది ఇంకొకటి, రెండూ నిజమే. రేలీ వివరణ అతను ఉద్దేశించిన మైనానికి వర్తించకపోయినా మన గదులకి వర్తిస్తుంది.

ఆ సంఖ్యలో నాకు నచ్చే సంగతి ఎత్తు. అది ఘనంగా వస్తుంది, అంటే ఎత్తు రెట్టింపైతే సంఖ్య ఎనిమిది రెట్లు. ఐదు డిగ్రీల తేడా ఉన్న రెండు పలకల మధ్య ఒక సెంటీమీటరు గాలి ఉంటే సంఖ్య నాలుగైదు వందలు. గాలి కదలదు. రెండు సెంటీమీటర్లైతే మూడు వేలు దాటుతుంది, కదులుతుంది. పది అడుగుల ఎత్తు గదిలో అదే ఐదు డిగ్రీల తేడాకి సంఖ్య వెయ్యి కోట్లు దాటిపోతుంది. హద్దేమో 1708. అలాంటి గదిలో గాలి తిరగదు, సుడులు పడి కొట్టుకుంటుంది. మనం చెయ్యి పెడితే తెలియదు గానీ అగరొత్తి పొగ వెలిగించి చూస్తే తెలుస్తుంది.

అయితే పై లెక్కంతా కింద వేడి, పైన చల్లన అన్న షరతు మీద. మే నెల మధ్యాహ్నం మిద్దెకి జరిగేది దీనికి తలకిందులు. నెత్తి మీద పొయ్యి, కాళ్ళ కింద చల్లటి బండలు. వేడెక్కిన గాలి ఎక్కడికి పోవాలి? ఉన్నచోటే పైన ఉంది, ఇంకా పైకి పోవడానికి మిద్దె అడ్డం. బరువైన చల్లగాలి కింద ఉంది, అది కదలాల్సిన పని లేదు. నీళ్ళ మీద నూనె తేలినట్టు పొరలు పొరలుగా నిలిచిపోతుంది. సంఖ్య ఎన్ని కోట్లైనా లాభం లేదు, గుర్తు మారిపోయింది. వేడి పైకి పోతుందన్న బడి పాఠం ఇక్కడ చేసే పని ఒక్కటే, ఆ వేడిగాలిని మన దగ్గరికి రాకుండా పైనే కట్టిపడేయడం.

మరి ఉడుకు దిగుతున్నది దేంతో? గాలితో కాదు. వికిరణంతో. ఎండకి కాగిన మిద్దె అడుగుభాగం గాలితో నిమిత్తం లేకుండా మంటలాగే కనిపించని వెలుగు పంపుతుంది. 45 డిగ్రీలకి కాగిన పైకప్పు, 35 డిగ్రీల్లో ఉన్న నేల, మంచం, మనిషి – వీటి మధ్య చదరపు మీటరుకి రమారమి 60 వాట్లు దిగుతాయి. పదడుగులు పన్నెండు అడుగుల గదిలో అంతా కలిపి 650 వాట్ల పైమాటే. ఒక చిన్న ఇస్త్రీపెట్టెని సాయంత్రమంతా నెత్తి మీద వేలాడదీసుకున్నట్టు. "ఉడుకు దిగుతాంది" అన్నవాళ్ళకి వికిరణం అన్న మాట తెలియకపోవచ్చు, దిశ మాత్రం కచ్చితంగా చెప్పారు. ఇంకో సంగతి, ఫ్యాను వేస్తే మంచిదే, చెమట ఆరుతుంది. కానీ పైన కట్టిపడి ఉన్న వేడి పొరని కిందికి తోసి కలిపేది కూడా ఫ్యానే.

ఇక్కడే మట్టి మిద్దె గొప్పదనం, సిమెంటు మిద్దె చిన్నతనం బయటపడతాయి. ఎండ వేడి మిద్దె పైనుంచి అడుగుకి రావడానికి టైం పడుతుంది. అడుగు మందం మట్టిని పట్టుకుని లెక్కేస్తే (మందం కిందికి ఎంతైనా ఉందనుకునే ఉజ్జాయింపు లెక్క ఇది) పదీ పదకొండు గంటలు. పైతలంలో పగటికీ రాత్రికీ ఉండే ఊగిసలాటలో అడుగున మిగిలేది ఇరవయ్యో వంతు. నాలుగున్నర అంగుళాల కాంక్రీటు స్లాబుకి అదే లెక్కలో మూడు గంటలు, మిగిలేది దాదాపు సగం. మట్టి మిద్దెలో మధ్యాహ్నం రెండింటి ఎండ నీరసపడి నీరసపడి అర్ధరాత్రి దాటాక లోపలికి చేరుతుంది. అప్పటికి లోపల ఎవరున్నారు? అందరూ మిద్దె మీద మంచాలేసుకుని నిద్రపోతున్నారు. మేఘం లేని సీమ ఆకాశం కింద పైతలం ఎప్పుడో చల్లారిపోయి ఉంటుంది. స్లాబు ఇంట్లో అదే ఎండ సాయంత్రం ఐదింటికి, పిల్లలు బడి నుంచి వచ్చి, ఆడవాళ్ళు పొయ్యి వెలిగించే వేళకి సగం బలంతో దిగుతుంది. పొయ్యి వేడి కింద, మిద్దె వేడి పైన.

చదును కప్పు వేసుకున్నది రాత్రి పైన పడుకోవడానికేనా, లేక వాన తక్కువ కాబట్టి చదునుగా వేసుకున్నాక పైన పడుకోవడం అలవాటైందా? రెండోదే నిజమని నేననుకుంటాను. పూర్వీకులు అన్నీ తెలిసి కట్టారు అనే ధోరణి మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. ఉన్న సరుకుతో కట్టారు, కట్టినదాంట్లో ఎలా బతకాలో తరవాత నేర్చుకున్నారు.

కొట్టం సంగతికి వద్దాం. త్రికోణపు గదుల్లో గాలి ఎలా తిరుగుతుందన్నది చాలాకాలం ఎవరికీ పట్టలేదు. పెట్టె ఆకారం గణితానికి సులువు, పైగా అడిగేవాళ్ళూ ఉన్నారు. 1954లో కేంబ్రిడ్జిలో బాచెలర్, ఒక పక్క గోడ వేడిగా, ఎదురుగోడ చల్లగా ఉన్న నిలువు పెట్టెలో గాలి గురించి రాసిన వ్యాసం ఈ రంగంలో మూలస్తంభం లాంటిది. దాని వెనకున్న అవసరం చలిదేశాల రెండు అద్దాల కిటికీ. అద్దాల మధ్య సందు ఎంత ఉండాలి? మరీ సన్నగా ఉంటే గాలి కదలదు గానీ దాని మందం చాలక వేడి జారిపోతుంది, మరీ వెడల్పైతే గాలి తిరిగి మోసుకుపోతుంది. కంప్యూటర్లు వచ్చాక ఇదే పెట్టె లెక్క పరీక్షాపత్రం అయింది: 1983లో ద వాల్ డేవిస్ చతురస్రపు పెట్టెకి కచ్చితమైన జవాబులు ప్రచురించాడు. అప్పటినుంచి ఈ పని చేసే కొత్త ప్రోగ్రాం ఎవరు రాసినా ముందు ఆ పెట్టె జవాబుతో సరిచూసుకోవాల్సిందే. మా వృత్తిలో కొత్త కోడ్‌కి టెస్ట్ కేసు లాంటిది. సరిగ్గా ఆ 1983లోనే పౌలికాకోస్, బెజాన్ అనే ఇద్దరు వాలు కప్పు కింది అటక మీద పెద్ద వ్యాసం రాశారు. వాళ్ళ ఇబ్బంది మంచు దేశపు ఇబ్బంది, శీతాకాలం రాత్రి కప్పు చల్లబడితే అటకలో గాలి తిరిగి ఇంటి వేడిని ఎలా పోగొడుతుందన్నది.

మనకి కావాల్సింది పగలు. త్రికోణంలో వాలు కప్పు ఎండకి కాగితే దాన్ని ఆనుకున్న గాలి వాలు వెంబడే పైకి పాకి శిఖరంలో చేరుతుంది. పెట్టెలో వేడి పొర కప్పంతా పరుచుకుని ఉంటే, త్రికోణంలో మూలకి ముడుచుకుంటుంది, మనిషి తలకి దూరంగా. పైగా అక్కడ ఉన్నది స్లాబు కాదు, బోదగడ్డి. గడ్డి పోచల మధ్య గాలి ఒక సెంటీమీటరు కన్నా సన్నటి సందుల్లో ఇరుక్కుని ఉంటుంది, పైన చూసిన లెక్క ప్రకారం అది కదలదు, కాబట్టి వేడిని దిగనివ్వదు. నడికొప్పు దగ్గర మాత్రం కప్పు ఎంత బిగించినా కొంచెం కొంచెం గాలి బయటికి కారుతుంది. త్రికోణపు ఆకారం, లోపల కదలని గాలి, పైన కారే కొప్పు – ఇవన్నీ కలిసి వచ్చిన ఇల్లు ఊళ్ళో అందరికన్నా పేదవాడిది. ఒక్క నిప్పురవ్వకి బూడిదయ్యేదీ అదే. కొట్టాలు కాలిపోయిన వార్త ప్రతి ఎండాకాలం వచ్చేది, ఇప్పటికీ అక్కడక్కడా వస్తుంది. అందుకని కొట్టంలో బతకడం హాయి అని రాయడానికి నాకు చెయ్యి రాదు. చల్లగా ఉండేదన్నంత వరకే.

మిద్దెకి కొప్పు లేదు, గవాక్షి ఉంది. నడిమింట్లోనో వంటింట్లోనో కప్పుకి పెట్టిన చిన్న కంత, చుట్టూ నీళ్ళు లోపలికి రాకుండా గట్టు, వానొస్తే మూయడానికి ఒక బండ. దొంగల భయానికీ, కక్షలకీ గోడలకి కిటికీలు పెట్టని ఇళ్ళలో వెలుతురు వచ్చే దారి అదొక్కటే. పొగ పోయే దారి కూడా అదే. దీని లెక్క చాలా ఇంపుగా ఉంటుంది. లోపలి గాలి బయటికన్నా మూడు డిగ్రీలు ఎక్కువుంటే, పదడుగుల ఎత్తుకి అడుగు చదరపు కంత గుండా గంటకి సుమారు 140 ఘనపు మీటర్ల గాలి పైకి పోగలదు. ఆ గదిలో ఉన్న గాలే 30 చిల్లర. అంటే గంటకి నాలుగు సార్లు గదంతా మారిపోతుంది, కరెంటు ఖర్చు లేకుండా. ఒకటే షరతు, కింద వాకిలి తెరిచి ఉండాలి. తలుపు మూస్తే పోయే గాలీ వచ్చే గాలీ ఒకే కంతలో తోసుకోవాలి, పని సగం కూడా జరగదు.

ఇంకో షరతు కూడా ఉంది, పుస్తకాల్లో కనబడదు. మధ్యాహ్నం మట్టి మిద్దె లోపల 33 డిగ్రీలు, బయట 42 అనుకుందాం. ఇప్పుడు బరువైన గాలి లోపలిది. గవాక్షి, వాకిలి రెండూ తెరిచి ఉంటే లోపలి చల్లగాలి గడప మీదుగా నీళ్ళలాగా బయటికి పారిపోతుంది, దాని చోట్లోకి గవాక్షి గుండా బయటి ఉడుకు లోపలికి దిగుతుంది. పొగగొట్టం తలకిందులుగా పనిచేస్తుంది. ఎండ ఎక్కేవేళకి వాకిలి దగ్గరగా వేసి, పొద్దు వాలాక బార్లా తెరవడం సీమలో ముసలివాళ్ళ పద్ధతి. ఆ పద్ధతిలో ఉన్న తెలివి ఇదే. ఆకారం ఒక్కటే ఇల్లు చల్లబరచదు, ఏ వేళకి ఏది మూయాలో తెలిసిన మనిషి కూడా ఆ యంత్రంలో భాగం.

గాలి తిరగని ఆకారం మంచిదా, తిరిగే ఆకారం మంచిదా అని అడిగితే జవాబు లోపల ఏముందన్న దాన్ని బట్టి ఉంటుంది. దీనికి జొన్నల పాతర కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఇంటి ముందరో వీధిలోనో నేలలో తవ్విన గొయ్యి, మూతి సన్నం, కడుపు వెడల్పు, కుండలాగా. గోడలకి గడ్డి చుట్టి, జొన్నలు పోసి, మూతి మీద బండ వేసి మట్టి కప్పితే యేళ్ళ తరబడి గింజ నిలిచేది. గండికోటలో జుమ్మా మసీదు దగ్గర ఉన్న ధాన్యాగారం నేల మీద, ఎత్తైన కమాను కప్పుతో కట్టిన రాజుల గాదె. పాతర రైతు గాదె, అది నేలకి లోపల. అడుగులు దిగేకొద్దీ నేల ఉష్ణోగ్రత యేడాది పొడుగునా ఒకే తీరున ఉంటుంది. ఎండాకాలంలో పైన వేడి, కింద చల్లన, అంటే గాలి కదలదు. గింజ, గింజలోని పురుగు ఊపిరి పీల్చి లోపలున్న ప్రాణవాయువుని ఖర్చు చేసేస్తాయి, బొగ్గుపులుసు వాయువు మిగులుతుంది. పురుగు చస్తుంది, గింజ బతుకుతుంది. పాతర గొప్పతనం మొత్తం గాలి తిరగకపోవడంలోనే ఉంది.

ప్రమాదమూ అందులోనే ఉంది. బొగ్గుపులుసు వాయువు మామూలు గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు. పైగా అడుగున చల్లగా ఉంది. మూత తీసినా అది పైకి రాదు. తీసిన వెంటనే గింజ తోడటానికి దిగినవాడు కళ్ళు తిరిగి పడతాడు, వాణ్ణి లాగడానికి దిగిన రెండోవాడు వాడి మీద పడతాడు. పాతరల్లో పోయిన ప్రాణాల కథలు ఆ ఊళ్ళలో పెద్దవాళ్ళందరికీ తెలుసు. అందుకే మూత తీసి ఒక పూటైనా వదిలేయడం, తాడుకి దీపం కట్టి దించి చూడటం. దీపం ఆరితే దిగకూడదు. అయితే దీపం వెలుగుతున్నంత మాత్రాన భయం లేదనడానికి లేదు, దీపం ఆరని స్థాయిలోనే ఈ వాయువు మనిషిని తూలించగలదు. పాత బావులు, సెప్టిక్ ట్యాంకులు కూడా ఇదే ఆకారం, ఇదే గాలి. పాతరలు పోయాయి గానీ ఆ చావులు పోలేదు. ఇప్పటికీ పేపర్లో చదివే ఉంటారు, ఒకరి కోసం ఒకరు దిగి ముగ్గురు పోయారని.

ఇదే ఆకారాన్ని ప్రకృతి చాలా పెద్ద ఎత్తున చేసి పెట్టింది, కొలిమిగుండ్ల దగ్గర బెలుంలో. చదునైన పొలాల మధ్య బావుల్లాంటి మూడు గుంతలు, నడిమిది ద్వారం. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల ప్రస్తావన చేశాడు. 1982, 83లలో డానియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలికి పోయి కొలిచింది. మొత్తం పొడుగు 3,229 మీటర్లు. లోతైన గుహలో ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు సాలు సగటు దగ్గర నిలుస్తుంది, సీమలో అది 28 డిగ్రీల చుట్టుపక్కల. మేలో బయట 42, లోపల 28, కాబట్టి హాయిగా ఉండాలి. ఉండదు. పది నిమిషాల్లో చొక్కా తడిసిపోతుంది. మూతులన్నీ దాదాపు ఒకే ఎత్తున నేల మీద ఉన్నాయి, లోపలి బరువైన గాలి కిందే ఉంది, పైకి రావడానికి కారణం లేదు. తేమ అక్కడే, మన ఊపిరి అక్కడే. డిసెంబరు రాత్రి బయట 18కి పడినప్పుడు తలకిందులవుతుంది, చల్లటి గాలి గుంతలోకి జారిపడి లోపలి గాలిని పైకి తోస్తుంది. గుహ ఊపిరి పీల్చేది చలికాలంలో. పర్యాటకులు ఎండాకాలం సెలవుల్లో కూడా వస్తారు కాబట్టి, 2002లో జనానికి తెరిచేముందు రాష్ట్ర పర్యాటక సంస్థ గాలి కోసం ప్రత్యేకంగా పైనుంచి గొట్టాలు దింపాల్సొచ్చింది. గుహకి గవాక్షి పెట్టారన్నమాట.

మళ్ళీ ఇళ్ళకి. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది, ఎన్టీఆర్ హయాం నుంచి 2006 ఇందిరమ్మ పథకం దాకా ప్రభుత్వాలు మారినా మాట ఒకటే, పక్కా ఇల్లు. జనగణన లెక్కల్లో కూడా మట్టి కప్పు, గడ్డి కప్పు తాత్కాలిక సరుకు. రెండు మూడు తరాలు నిలిచిన మిద్దె తాత్కాలికం, ముప్ఫై యేళ్ళకి ఇనుము బయటపడే స్లాబు శాశ్వతం! ఈ విభజన నాకు మింగుడుపడదు. పక్కా అన్న మాట వాననీ, నిప్పునీ లెక్కలోకి తీసుకుంది గానీ ఎండని తీసుకోలేదు. యేడాదిలో ఎన్ని రోజులు వాన పడుతుంది, ఎన్ని రోజులు ఎండ కాస్తుంది అని సీమలో ఎవరినైనా అడిగి ఉంటే తెలిసేది.

కానీ జనం స్లాబుని ఎందుకు కోరుకున్నారో కూడా చెప్పుకోవాలి. అడుగు మందం మట్టి అంటే చదరపు మీటరుకి అరటన్ను, ఎండినప్పుడు. ముసురు పట్టి తడిస్తే ఇంకా ఎక్కువ. చెదలు తిన్న దంతె ఆ బరువు మోయలేక అర్ధరాత్రి విరిగితే కింద ఉన్నవాళ్ళ గతి ఏమిటి? 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు పట్టణమే మునిగింది. ఆ వారం జిల్లాలో పడిపోయిన మట్టి ఇళ్ళని చూసినవాడెవడూ మిద్దె గురించి పాట కట్టడు. యేటా చౌడు తోలించే మనుషులు లేరు, దూలాలకి చెట్లు లేవు. ఉడుకు భరించొచ్చు, కప్పు కూలడం భరించలేం అనుకున్నారు. నేనైనా అదే అనుకునేవాణ్ణి.

స్లాబు వేశాక చేయగలిగిన పనులు లేకపోలేదు. పైన సున్నం కొడితే ఎండలో ఎక్కువ భాగం వచ్చిన దారినే వెనక్కి పోతుంది. తెలంగాణ 2023లో చల్లటి కప్పుల విధానం అని ఒకటి ప్రకటించింది, అందులో ముఖ్యమైన సంగతి ఇదే. కిందేమో ఫాల్స్ సీలింగు. జనం దాన్ని అందానికి వేయించుకుంటున్నారు గానీ, దాని వల్ల ఉపయోగం స్లాబు అడుగుకీ మంచానికీ మధ్య అడ్డు రావడం. పగలు స్లాబుకీ ఆ పలకకీ మధ్య గాలి పైనుంచి కాగుతుంది కాబట్టి సందు అరడుగున్నా తిరగదు, ఇక్కడ రెండు సెంటీమీటర్ల భయం అక్కర్లేదు. దాటేది వికిరణమే, దానికి పలక పైవైపు మెరిసే రేకు అతికిస్తే అదీ చాలావరకు ఆగుతుంది. వేయించేవాళ్ళలో ఆ రేకు అడిగేవాళ్ళు ఎవరూ నాకు కనబడలేదు, లైట్లు ఎన్ని పెట్టాలో అడుగుతారు.

కొత్త ఇళ్ళలో గవాక్షి లేదు. స్లాబుకి కంత పెట్టమంటే మేస్త్రీ నవ్వుతాడు. అయినా తెలియకుండానే ప్రతి ఇంటికీ ఒక పెద్ద గవాక్షి వచ్చింది, మిద్దె మీదికి పోయే మెట్లగది. ఇంటి మొత్తానికి ఎత్తైన చోటు అదే, వేడిగాలి పోయి చేరేదీ అక్కడికే. దాని తలుపు పాత గవాక్షికి ఇరవై రెట్లు పెద్దది. పొద్దు వాలాక అదీ, కింద వాకిలి లేదా కిటికీలూ తెరిచి పెడితే ఇల్లు రెండు మూడు గంటల్లో తేలికపడుతుంది. మెష్ తలుపు ఒకటి బిగిస్తే దోమలూ పిల్లులూ రావు. చాలా ఇళ్ళలో ఆ తలుపు చీకటి పడకముందే లోపలి నుంచి గడియ వేసి, గడియకి తాళం కూడా వేసి ఉంటుంది, దొంగల భయానికి.